వంకర మూలకు ఏ అతుకు? క్రౌన్ మౌల్డింగ్ బిగించేవారికి ఎంపిక సలహా

గోడా పైకప్పూ కలిసే చోట బిగించే అలంకరణ పట్టీ క్రౌన్ మౌల్డింగ్. దాన్ని కొనేటప్పుడు అందరి చూపూ నగిషీ మీదే ఉంటుంది. ఎంత వెడల్పు, ఎన్ని వంపులు, తెలుపా, చెక్క రంగా అని గంటల తరబడి తర్జనభర్జన పడతారు. గది మూలల వైపు మాత్రం ఎవరూ తలెత్తి చూడరు. తీరా పని మొదలయ్యాక గోడ పొడవునా చక్కగా కూర్చున్న పట్టీ మూలకు వచ్చేసరికి నోరు తెరుస్తుంది. అందుకే నా సలహా తలకిందులుగా ఉంటుంది. ముందు మూలను కొలవండి. దాన్నిబట్టి అతుకును ఎంచుకోండి. ఆ అతుకు ఏ పదార్థంతో కుదురుతుందో ఆ తర్వాత చూడండి. నగిషీ సంగతి చివరికి.

మూలతో ఇంత పేచీ ఎందుకంటే, ఈ పట్టీ గోడకు బల్లపరుపుగా అంటుకోదు. గోడకూ పైకప్పుకూ మధ్య ఏటవాలుగా నిలుస్తుంది, వెనక ముక్కోణపు ఖాళీ ఉంటుంది. గోడతో అది చేసే కోణం సాధారణంగా 38 డిగ్రీలు, లేదంటే 45. కాబట్టి మూలలో కలిసే కోత ఒకేసారి రెండు దిక్కులకు ఒరగాలి. గోడ ఒక డిగ్రీ తప్పినా, పైకప్పు కాస్త కుంగినా ఆ తప్పంతా అతుకు దగ్గరే తేలుతుంది.

ముందు కొలత

మూలమట్టాన్ని నడుము ఎత్తులో ఆనించి 90 డిగ్రీలే అని తేల్చుకోవడం చాలామంది చేసే మొదటి పొరపాటు. పట్టీ కూర్చునేది పైకప్పు కింద. అక్కడ గోడ పూత, లప్పం పొరలు మూలలో గూడు కట్టుకుని ఉంటాయి. కింద లంబకోణంగా ఉన్న మూల పైన 92 డిగ్రీలు కావచ్చు. నిచ్చెన ఎక్కి, పట్టీ కింది అంచు ఎక్కడ వస్తుందో అక్కడే కొలవాలి.

కోణమాపకం లేకపోయినా ఇబ్బంది లేదు. మూల నుంచి ఒక గోడ మీద 60 సెంటీమీటర్ల దగ్గర, రెండో గోడ మీద 80 సెంటీమీటర్ల దగ్గర గుర్తు పెట్టి, ఆ రెండింటి మధ్య ఏటవాలు దూరం కొలవండి. సరిగ్గా 100 వస్తే లంబకోణం. 101 వస్తే మూల సుమారు 91.2 డిగ్రీలకు తెరుచుకున్నట్లు, 102 వస్తే 92.4. నూరుకు తగ్గితే అదే లెక్కన ముడుచుకున్నట్లు. గోడలు మొత్తంగా ఎటు వాలాయో ఈ లెక్క చెబుతుంది కానీ, మూలలో పోగుపడిన లప్పం ముద్దను ఇది పట్టుకోలేదు. దాన్ని వేలితో తడిమి, ఉలితో గీకి, ఇసుక కాగితంతో రుద్ది తీసేయడమే మేలు. పది నిమిషాల ఆ గీకుడు గంట సేపటి అతుకు పనిని తప్పిస్తుంది.

ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. మూల 92 డిగ్రీలు, అందులో సగం 46 కదా అని రంపాన్ని 46 మీద పెడతారు. కానీ మైటర్ రంపం (కావలసిన కోణానికి తిప్పి కోసే రంపం) మీది అంకెలు అడ్డంగా తిన్నగా కోసే చోట సున్నాతో మొదలవుతాయి. 90లోంచి 46 తీసేయగా మిగిలిన 44 మీద పెట్టాలి. మూల తెరుచుకునే కొద్దీ రంపం అంకె తగ్గుతుంది, మూల ముడుచుకునే కొద్దీ పెరుగుతుంది. లంబకోణం విషయంలో రెండు లెక్కలూ 45 దగ్గరే కలుస్తాయి కాబట్టి ఈ తేడా ఏళ్ల తరబడి ఎవరికీ అనుభవంలోకి రాదు. వంకర మూల ఎదురైన రోజున మాత్రం రెండు డిగ్రీల తప్పు రెండు ముక్కల మీదా పడి నాలుగవుతుంది.

లెక్కలన్నిటికన్నా నమ్మదగినవి తుంపు ముక్కలు. అదే పట్టీలోంచి జానెడేసి ముక్కలు తీసుకుని 44, 45, 46 డిగ్రీల జతలు కోసి పెట్టుకోండి. ఒక్కో మూలకూ ఆ జతలను పట్టి చూస్తే ఏది మూసుకుంటుందో కంటికే తెలిసిపోతుంది. నాకు కోణమాపకం ఉంది. అయినా చివరి మాట తుంపు ముక్కలదే.

లోపలి మూల: మైటరా, కోపింగా?

రెండు పట్టీలనూ చెరిసగం కోణంతో ఓరగా కోసి కొనలు కలిపేది మైటర్ అతుకు. కోపింగ్ దారి వేరు. మొదటి పట్టీని తిన్నగా కోసి మూలలోకి చివరిదాకా నెట్టేస్తారు. రెండోదాని కొనను మొదటిదాని వంపులకు సరిపడా చెక్కి, దాని ముఖం మీద ఆనిస్తారు. చూడటానికి రెండూ ఒకటే. తేడా గోడ వంకర అయినప్పుడు, కాలం గడిచినప్పుడు తెలుస్తుంది.

మైటర్ మూల కొలతకు బానిస. మూల 90 దాటి తెరుచుకుని ఉంటే, 45 కోతల మధ్య సందు సరిగ్గా ముందు వైపున, చూసే కంటికి ఎదురుగా వస్తుంది. మూల ముడుచుకుని ఉంటే ముందు అంచులు తాకుకుంటాయి, సందు వెనక దాక్కుంటుంది. అందుకే లోపలి మూలలో అనుమానం ఉన్నప్పుడు రంపం అంకెను అరడిగ్రీ తగ్గించి కోయడం క్షేమం. బిగించేటప్పుడు ఇంకో చిక్కు వస్తుంది. మేకు కొట్టిన దెబ్బకు పట్టీ గోడ వైపు వెంట్రుకవాసి జరిగినా మైటర్ విచ్చుకుంటుంది. అసలు చెక్క అయితే పొడి రుతువులో అడ్డంగా కుంచించుకుపోయి అతుకు మళ్లీ తెరుచుకుంటుంది. నేను మొదటిసారి కట్టిన గదిలో నాలుగు మూలలూ మైటర్‌తోనే చేసి, మిగిలిన సందులను లప్పంతో కప్పి మురిసిపోయాను. ఏడాది తిరక్కుండానే నాలుగు చోట్లా సన్నటి నల్ల గీతలు తేలాయి.

కోపింగ్‌కు ఈ బెంగలు తక్కువ. రెండో పట్టీ మొదటిదాని ముఖానికి ఒరుసుకుని ఉంటుంది కాబట్టి రెండు మూడు డిగ్రీల వంకరను మింగేస్తుంది. చెక్క కుంచించుకున్నా అతుకు బారుగా తెరుచుకోదు. పని కష్టమని భయపడతారు కానీ, మొదటి రెండు కొనలు పాడయ్యాక చేయి తిరుగుతుంది. రెండో పట్టీ కొనను ముందు లోపలి మూలకు కోసినట్లే 45 డిగ్రీలకు ఓరగా కోయాలి. ఆ కోతకూ పట్టీ ముఖానికీ మధ్య వచ్చే అంచే మీకు కావలసిన ఆకారం. పెన్సిల్‌తో దాన్ని ముదురుగా దిద్దుకోండి. సన్నటి అలుగున్న కోపింగ్ రంపంతో ఆ గీత వెంట కోస్తూ, అలుగును వెనక్కి వాల్చండి. ముందు అంచు మాత్రమే గీత మీద నిలవాలి, వెనక చెక్క బాగా లోపలికి పోవాలి. కొత్తవారి కోప్ కూర్చోకపోవడానికి కారణం దాదాపు ఎప్పుడూ ఇదే. వెనక మిగిలిన చెక్క మొదటి పట్టీకి తగిలి, ముందు అంచును దగ్గరికి రానివ్వదు. ఎంత తీయాలనుకుంటారో అంతకన్నా ఎక్కువే తీయండి. మిగిలిన సవరణకు గుండ్రటి ఆకురాయి, చదును ఆకురాయి చాలు.

పొడవు విషయంలోనూ కోపింగ్‌దే పైచేయి. కోప్ చేసిన పట్టీని ఒకటి రెండు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంచి, మధ్యలో కాస్త విల్లులా వంచి నెడితే కొనలు బిగుతుగా కూర్చుంటాయి. మైటర్‌లో అంత చనువు తీసుకోలేం.

మరి మైటర్ ఎప్పుడు? నురుగు పదార్థాలతో చేసిన పట్టీలు వాడినప్పుడు. పాలిస్టైరీన్ కోపింగ్ రంపం కింద పొడిపొడిగా రాలిపోతుంది. పాలియురేథేన్ అంత రాలదు కానీ పలుచటి అంచు నిలవడం కష్టం. ఆ పట్టీలు రుతువుతో పాటు పెద్దగా కదలవు కాబట్టి మైటర్‌కు ఉన్న పెద్ద శత్రువు అక్కడ లేనట్లే. సరైన కోణం, రెండు ముఖాలకూ జిగురు ఉంటే అతుకు చాలాకాలం నిలుస్తుంది. 135 డిగ్రీల దగ్గర బారుగా తెరుచుకున్న లోపలి మూలల్లో కూడా నేను మైటర్‌నే ఎంచుకుంటాను. అక్కడ ఒక్కో ముక్కకు 22.5 డిగ్రీల కోత సరిపోతుంది, కోప్ చేసినా దాని లాభం అంతగా దక్కదు.

వెలుపలి మూల

ఇక్కడ కోపింగ్‌కు చోటు లేదు. చెక్కిన కొన బయటికి కనిపిస్తుంది కాబట్టి మైటర్ ఒక్కటే దారి, లేదంటే మూల దిమ్మె. తప్పు దాచుకునే వీలు కూడా లేదు. గదిలోకి వచ్చినవారి కన్ను మొదట పడేది వెలుపలి మూల ముక్కు మీదే.

లోపలి మూలకు చెప్పిన సూత్రం ఇక్కడ తిరగబడుతుంది. మూల అసలు కోణానికి కావలసినదానికన్నా అరడిగ్రీ ఎక్కువ పెట్టి కోస్తే ముందు ముక్కులు ముద్దుపెట్టుకుంటాయి, సందు వెనక్కి పోతుంది. చెక్క పట్టీలైతే రెండు ముఖాలకూ జిగురు రాసి, ముందు కిందనే కలిపి ఆరనిచ్చి, ఆ తర్వాత ఒకే ముక్కగా పైకి ఎత్తి బిగించడం మంచిది. వెంట్రుకంత సందు మిగిలితే స్క్రూడ్రైవర్ కడ్డీతో ముక్కును మెల్లగా రుద్దండి, చెక్క నార నలిగి మూసుకుంటుంది. పైన లప్పం పూయడం కన్నా ఇది మేలు. వెలుపలి మూల పట్టీలను మొదట పొడవుగా కోసి, కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావాలని వేరే చెప్పనక్కర్లేదు.

గోడ మూల గుండ్రంగా ఉంటే రెండు దారులు. పట్టీని మామూలుగా పదునైన మూలగానే తిప్పవచ్చు. అప్పుడు కింది అంచు దగ్గర గుండ్రటి గోడకూ పట్టీకీ మధ్య చిన్న ముక్కోణపు ఖాళీ కనిపిస్తుంది. కింద నుంచి చూసేవారికి అది కొట్టొచ్చినట్లు కనబడుతుంది. రెండో దారి మూడు ముక్కలది. మధ్యలో చిన్న ముక్క పెట్టి, 90 డిగ్రీల మలుపును 45 చొప్పున రెండు మలుపులుగా విడగొట్టడం. ప్రతి కోతా 22.5 డిగ్రీలే. మధ్య ముక్క వేలెడంత ఉంటుంది, దాన్ని మేకుతో కొడితే చీలిపోతుంది, జిగురుతోనే నిలపాలి. నిస్సందేహంగా మూడు ముక్కల దారే అందం. అతుకులు రెండింతలు కాబట్టి ఓపికా రెండింతలు కావాలి.

నిలబెట్టి కోయాలా, పడుకోబెట్టి కోయాలా?

పట్టీని రంపం మీద గోడకు ఎలా కూర్చుంటుందో అలాగే ఏటవాలుగా, కానీ తలకిందులుగా ఆనించి కోయడం ఒక పద్ధతి. రంపం బల్లను పైకప్పు అనుకోండి, వెనక దన్నును గోడ అనుకోండి. అప్పుడు రంపాన్ని ఒక్క కోణానికే తిప్పితే చాలు. రెండో పద్ధతిలో పట్టీని బల్ల మీద వెల్లకిలా పడుకోబెట్టి, రంపాన్ని పక్కకు తిప్పుతూ, అలుగును కూడా వాలుస్తారు. లంబకోణపు మూలకు 38 డిగ్రీల పట్టీ అయితే తిప్పడం 31.6, వాల్చడం 33.9 డిగ్రీలు. 45 డిగ్రీల పట్టీకి తిప్పడం 35.3, వాల్చడం 30.

వంకర మూలల కోసం అయితే నా ఓటు తలకిందుల పద్ధతికే. మూల 91 అని తెలిస్తే రంపాన్ని 44.5కు జరిపితే పని అయిపోతుంది. పడుకోబెట్టినప్పుడు రెండు అంకెలూ మారతాయి, ప్రతి మూలకూ కొత్త లెక్క. పట్టీ వెడల్పు రంపం ఎత్తును మించితే మాత్రం వేరే గత్యంతరం ఉండదు. తలకిందులుగా పెట్టినప్పుడు పట్టీ జారకుండా బల్ల మీద ఒక చెక్క ముక్కను అడ్డుగా బిగించుకోండి. కోతకోతకూ పట్టీ కూర్చునే కోణం మారితే ఎన్ని డిగ్రీలు లెక్కపెట్టినా వృథా. ఎడమ ఏదో కుడి ఏదో తికమక పడకుండా, ప్రతి మూలకూ ఒక నమూనా ముక్క కోసి దాని వెనక "లోపలి మూల, ఎడమ" అని రాసి పెట్టుకున్నవాడే తెలివైనవాడు.

మూల దిమ్మెలు

మూలలో ముందే తయారైన దిమ్మెను బిగించి, పట్టీలను అడ్డంగా తిన్నగా కోసి దానికి ఆనించే పద్ధతి ఇది. కోణాల లెక్క లేదు, చెక్కుడు లేదు. పనిమంతులు చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, నేనూ చాలాకాలం చూశాను. ఇప్పుడు అలా అనను. గదిలో అరడజను మూలలు ఆరు రకాలుగా వంకరపోయినప్పుడు, పైకప్పు ఒక వైపు కుంగినప్పుడు, పనిలో ఇదే తొలి అడుగైనప్పుడు దిమ్మె గౌరవం కాపాడుతుంది.

దానికీ షరతులున్నాయి. దిమ్మె పట్టీ కన్నా ఎత్తుగా, మందంగా ఉండాలి, లేకపోతే పట్టీ కొన బయటికి పొడుచుకు వస్తుంది. మూల మరీ వంకర అయితే దిమ్మె ఒక గోడకు ఆని రెండో గోడకు ఎడం అవుతుంది. దాని వెనక భాగాన్ని చిత్రిక పట్టి సరిచేసుకోవాలి. ఎత్తు తక్కువ గదిలో, నగిషీ లేని సాదా పట్టీల పక్కన ఆ దిమ్మెలు బరువుగా వేలాడినట్లు కనిపిస్తాయి. నగిషీ ఎక్కువున్న పాతకాలపు గదిలో మాత్రం అవి అక్కడే పుట్టినట్లు ఇమిడిపోతాయి.

పదార్థం మూలలో ఎలా నడుచుకుంటుంది

పాలిష్ చేసే అసలు చెక్కకు కోపింగ్ తప్పనిసరి అనుకోండి. రంగు వేయరు కాబట్టి సందును పూడ్చి దాచే అవకాశం లేదు. బిగించే గదిలోనే రెండు మూడు రోజులు ఉంచి, అక్కడి తేమకు అలవాటు పడనివ్వాలి.

చెక్క నారను జిగురుతో అదిమి చేసే ఎమ్‌డీఎఫ్ నిలకడగా ఉంటుంది, తిన్నగా ఉంటుంది, రంగును బాగా పట్టుకుంటుంది. కోప్ చేయవచ్చు కానీ పలుచటి కొనలు పెళుసు, చేయి తగిలితే విరుగుతాయి. నీటి ఆవిరి ఉండే గదుల్లో వాడకండి, అంచులు ఉబ్బుతాయి. కోసేటప్పుడు ముఖానికి మంచి మాస్కు ఉండాలి, దాని ధూళి ఊపిరికి మంచిది కాదు.

పాలియురేథేన్ తేలిక, ఒంటరిగా పనిచేసేవారికి నేస్తం. కాస్త వంగుతుంది కాబట్టి అలలు తిరిగిన గోడలకు ఒదుగుతుంది. పాలిస్టైరీన్ ఇంకా తేలిక, కత్తితో కూడా తెగుతుంది, కానీ గోరు తగిలితే నొక్కు పడుతుంది. ద్రావకం కలిసిన జిగురు పూస్తే కరిగిపోతుంది, దానికి తగిన జిగురే కొనాలి.

ప్లాస్టర్ ఆఫ్ పారిస్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ అతుకును కోయడం సగమే, మిగతా సగం చేత్తో దిద్దడం. మూల ఎంత వంకరగా ఉన్నా, సందులోకి అదే ప్లాస్టర్ ముద్దను నింపి, వంపులను తాపీతో, చిన్న అట్ట ముక్కతో లాగుతూ కలిపేస్తారు. ఆరాక అతుకు ఎక్కడుందో వెతికినా దొరకదు. ఘోరమైన వంకరలకు ఇంతకన్నా మంచి మందు లేదు. కానీ బరువు ఎక్కువ, ఇద్దరు మనుషులు కావాలి, నిమిషాల్లో గట్టిపడుతుంది కాబట్టి చేయి తిరిగినవారే చేయాలి. ఇంట్లో మీరే సొంతంగా చేయాలనుకుంటే దీని జోలికి పోకండి.

వాలు పైకప్పు, గుండ్రటి గోడ

అడ్డంగా సాగే పట్టీ వాలుగా ఎక్కే పట్టీని మూలలో కలిసినప్పుడు, రెండిటి నగిషీ ఒకటే అయినా వంపులు కలవవు. ఇది చేతి నేర్పు లోపం కాదు, జ్యామితి. మధ్యలో చిన్న సంధి ముక్క పెట్టి మలుపును రెండుగా విడగొట్టవచ్చు, దిమ్మె పెట్టవచ్చు. నాకు నచ్చిన దారి మూడోది. వాలు గోడలను వదిలేసి, అడ్డంగా ఉన్న గోడ మీదే పట్టీని ముగించడం. కొనను ఓరగా కోసి, దానికి సరిపోయే చిన్న ముక్కోణపు ముక్కను జిగురుతో అతికిస్తే పట్టీ గోడలోకి తిరిగి వెళ్లినట్లు శుభ్రంగా ముగుస్తుంది. గుండ్రటి గోడకు రబ్బరులా వంగే రెసిన్ పట్టీలు ఉంటాయి. అదే నగిషీలో చెక్క పట్టీ కూడా దొరుకుతుందో లేదో చూసుకుని మరీ కొనండి.

సందు మిగిలితే

రంగు వేసే పట్టీలకు యాక్రిలిక్ కాల్క్ (సందులు పూడ్చే మెత్తటి ముద్ద) వాడండి. సాగే గుణం ఉండటం వల్ల చిన్న కదలికలను తట్టుకుంటుంది. లప్పం గట్టిపడి పగులుతుంది, అది మేకు గుంటలకే సరి. సిలికాన్ మీద రంగు నిలవదు, దాన్ని స్నానాల గదికి వదిలేయండి. పైకప్పు దగ్గర రెండు మూడు మిల్లీమీటర్ల సందు కాల్క్‌తో పోతుంది. అంతకు మించితే పట్టీని బలవంతంగా పైకి వంచి కుంగిన పైకప్పు వెంట నడిపించకండి, అలా చేస్తే గది మొత్తం ఒరిగినట్లు కనిపిస్తుంది. పట్టీని తిన్నగా ఉంచి, పైకప్పు పల్లాన్నే లప్పంతో నింపి మెత్తగా కలిపేయాలి.

ఇక మిగిలింది వరుస. గుమ్మంలోంచి అడుగుపెట్టగానే ఎదురుగా కనిపించే గోడ పట్టీని రెండు వైపులా తిన్నగా కోసి మొదట బిగించండి. పక్క గోడల పట్టీలను దానిమీదికి కోప్ చేయండి. గుమ్మంలో నిలబడినవారి చూపు ఆ పక్క పట్టీల పొడవునా సాగుతుంది కాబట్టి, ఎక్కడైనా వెంట్రుకవాసి సందు తెరుచుకున్నా అది వారికి కనిపించదు. గుమ్మం ఉన్న గోడ చివరికి వస్తుంది, దానికి రెండు కొనలూ కోప్ చేయాలి. ఆ పట్టీని కొలిచేటప్పుడు మాత్రం కొలత టేపును మూలలో వంచి చదవకండి. ఒక వైపు నుంచి లెక్కకు తేలికైన ఒక అంకె దగ్గర గుర్తు పెట్టి, రెండో వైపు నుంచి ఆ గుర్తు దాకా కొలిచి, రెండూ కూడండి.